ఆగిన ఇంజన్‌లో ఎక్కే వేడి

ఇంజన్ ఆపగానే దానిలోని నీటి వేడి తగ్గదు. మొదటి కొన్ని నిమిషాలు ఇంకా పెరుగుతుంది. దూరం నడిచి వచ్చిన కారులో ఈ పెరుగుదల మామూలుగా 5 నుంచి 15 డిగ్రీల దాకా ఉంటుంది. అండమాన్‌లోని చాతం రేవు దీన్ని గమనించడానికి తగిన చోటు. పోర్ట్ బ్లెయిర్ నుంచి (2024లో దీని పేరు శ్రీ విజయపురంగా మారింది) వంతెన దాటి చాతం దీవికి చేరిన బండ్లు బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీ ఎక్కి ఇంజన్లు ఆపుతాయి. పక్కపక్కనే ఇరుకుగా నిలబడిన బండ్ల మధ్య గాలి ఆడదు. అవతలి రేవులో తాళం తిప్పినప్పుడు వేడి ముల్లు ఎక్కినప్పటికంటే పైన ఉండి, బండి కదిలిన కాసేపటికి దిగుతుంది. కొత్త కార్లలో చాలావాటికి చిన్న హెచ్చుతగ్గులు కనపడకుండా ముల్లును మధ్యలోనే నిలిపి ఉంచుతారు. అందువల్ల డ్రైవరుకు తెలియకపోయినా లోపల జరిగేది మాత్రం ఇదే.

సిలిండర్‌లో మండే వాయువుల వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. ఇంధనం ఇచ్చే వేడిలో దాదాపు మూడో వంతును నీరే మోసుకుపోవాలి. పొగ వెళ్లే వాల్వు ఎర్రగా కాలే స్థితిలో ఉంటుంది. దాని చుట్టూ ఉన్న హెడ్ లోహం 200 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే, నీరు 90 దగ్గర ఉంటుంది. పంపు ఆ నీటిని ఆగకుండా తోస్తున్నంతసేపే ఈ తేడా నిలుస్తుంది. ఆ పంపును తిప్పేది ఇంజనే. కాబట్టి మంట ఆగిన క్షణంలోనే చల్లబరిచే పని కూడా ఆగుతుంది. లోహంలో నిల్వ ఉన్న వేడి మాత్రం ఎక్కడికీ పోదు, కదలకుండా నిలిచిన నీటిలోకి దిగుతుంది.

లెక్క చిన్నదే. 5 లీటర్ల నీటిని 10 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 210 కిలోజౌళ్లు కావాలి. 10 కిలోల అల్యూమినియం హెడ్ 23 డిగ్రీలు చల్లబడితే అంత వేడి వచ్చేస్తుంది. ఇనుప మ్యానిఫోల్డ్‌లో ఉన్న వేడి దీనికి అదనం. లోహమూ నీరూ సమానమయ్యాకే రెండూ కలిసి మెల్లగా చల్లారడం మొదలవుతుంది.

ఈ పెరుగుదల ఉంటుందని తెలిసే తయారీదారులు కొంత వెసులుబాటు ఉంచారు. సముద్రమట్టంలో ఉన్న చాతంలో మామూలు నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. రేడియేటర్ మూత బయటి గాలికంటే ఒక బార్ ఎక్కువ పీడనం నిలిపితే అదే నీరు 120 దాకా మరగదు. సగం కూలెంట్ కలిపితే ఆ హద్దు 130 దగ్గరికి చేరుతుంది. ఆపిన బండి మూత తీయడం ఎందుకు ప్రమాదమో ఇక్కడే తెలుస్తుంది. పీడనం పోగానే 100 దాటిన నీరు ఒక్కసారిగా ఆవిరై మీదికి చిమ్ముతుంది. ఇంజన్ ఆపి ఐదు నిమిషాలైందన్న ధీమాతో మూత తిప్పేవారికి అది అన్నింటికంటే చెడ్డ సమయం.

వేడి ఇలా వెనకబడి రావడం మోటారు బండికంటే పాతది. 1883లో చాతంలో ప్రభుత్వ రంపపు మిల్లు వెలిసింది ఆవిరి యుగంలోనే. ఇటుకల్లో కట్టిన బాయిలర్లలో నిప్పు లాగేసినా గోడల్లోని వేడి నీటిని మరిగిస్తూనే ఉంటుంది. ఆవిరి పోయే దారి మూసేస్తే పీడనం పెరుగుతుంది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన బండిలో నీటిని మరగనిచ్చి ఆవిరిగా వదిలేవారు. ఇంజన్ ఆగినా నీరు మిగిలినంతసేపు 100 డిగ్రీలు దాటేది కాదు. ఆ తరువాతి బండ్లలో వేడి నీరు తేలికై తనంతట తాను పైకెక్కి, రేడియేటర్‌లో చల్లబడి కిందికి దిగే పద్ధతి వచ్చింది. ఫోర్డ్ మోడల్ టీ కార్లలో మొదటి సుమారు 2,500 తప్ప మిగతావన్నీ పంపు లేకుండా ఇలాగే నడిచాయి. ఇంజన్ ఆగినా అందులో నీరు తిరుగుతూనే ఉండేది. కానీ ఆ ప్రవాహం నెమ్మది. బలమైన ఇంజన్లకు అది చాలలేదు, పంపే కావలసి వచ్చింది.

దారి మార్చింది విల్హెల్మ్ మేబాక్. 1900 డిసెంబరులో సిద్ధమైన మెర్సిడెస్ కారుకు ఆయన 8,070 చిన్న గొట్టాలతో తేనెపట్టులాంటి రేడియేటర్ అమర్చారు. కావలసిన నీరు 18 లీటర్ల నుంచి 9కి తగ్గింది. నడిచే ఇంజన్‌కు ఇది గొప్ప మేలు. ఆగిన ఇంజన్‌కు మాత్రం వేడిని పీల్చుకునే నీరు సగమే మిగిలింది. పంపుతో వచ్చిన బలానికి చెల్లించిన ధర ఇదే, ఇప్పటికీ అది పూర్తిగా తీరలేదు.

కార్బురేటర్ బండ్లలో ఈ వేడి పెట్రోలునూ తాకేది. పంపులో, గొట్టాల్లో పెట్రోలు ఆవిరైపోతే ఇంజన్ మళ్లీ అందుకోదు. అంబాసిడర్ డ్రైవర్లు ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగేవారు. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది కాబట్టి ఆ ఉపాయం నిజంగా పనిచేసేది. ఇంధనాన్ని ఎక్కువ పీడనంతో పంపే ఇంజెక్షన్ పద్ధతి వచ్చాక ఆ అవసరం చాలావరకు పోయింది.

మారుతి 800 లాంటి, ఇంజన్‌ను అడ్డంగా అమర్చిన కార్లలో ఫ్యాన్‌ను బెల్టుకు బదులు కరెంటు మోటారు తిప్పుతుంది. దాన్ని బ్యాటరీకి కలిపితే తాళం తీశాక కూడా తిరగగలదు. 2004లో బీఎండబ్ల్యూ తన ఎన్52 ఇంజన్‌కు వాటర్ పంపునే కరెంటుతో నడిపింది. టర్బో బండ్లలో ఈ ఏర్పాటు మరీ ముఖ్యం. నిమిషానికి లక్ష చుట్లు దాటే టర్బో ఇరుసు ఆయిల్ మీద తేలుతూ తిరుగుతుంది. ఎత్తు ఎక్కి వచ్చిన వెంటనే ఆపేస్తే, అక్కడ నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గు కడుతుంది. బరువుతో వచ్చిన డీజిల్ బండిని రేవు వరుసలో ఒక నిమిషం ఖాళీగా నడిపి ఆపితే ఆ వేడిలో చాలా భాగం ఆయిల్‌తో, నీటితో పోతుంది. చిన్న కరెంటు పంపు ఉన్న కొత్త టర్బో కార్లలో ఆ పని ఇంజన్ ఆగాక కొన్ని నిమిషాలపాటు దానంతట అదే జరుగుతుంది. కరెంటు ఫ్యాన్ ఉన్న బండి బానెట్ ఎత్తినప్పుడు ఫ్యాన్ దగ్గర చేయి పెట్టకూడదు, ఆగి ఉన్నదే ఏ హెచ్చరికా లేకుండా తిరగవచ్చు.