ఏమీ చేయకుండా కూర్చోవడానికీ ఏర్పాట్లు కావాలి!

మదనపల్లె: "ఇక్కడ చూడటానికి ఏమేమున్నాయి సార్?"

హార్సిలీ హిల్స్‌లో బస్సు దిగినవారైనా, కారు దిగినవారైనా విడిది గుమాస్తాను మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. గాలిబండ వుంది. వ్యూ పాయింట్ వుంది. గవర్నరు బంగళా వుంది. ఆకాశాన్నంటే నీలగిరి చెట్టు వుంది. అన్నీ కలిపి తిరిగినా ఒక పూట పని. "అంతేనా?" అన్నది రెండో ప్రశ్న. చూడవలసినవి అయిపోయాయని సాయంత్రానికే సంచులు సర్దుకుని కొండ దిగేవారు కొందరు. అద్దె కట్టాం గదా అని అర్ధరాత్రి దాకా పాటలు మోగించేవారు మరికొందరు. అలసట తీర్చుకోవడానికని వచ్చి, వచ్చినప్పటి కంటే ఎక్కువ అలసటతో తిరిగి వెళ్లేవారే అధికం.

నిజానికి ఈ కొండకు వున్న ఆస్తి అంతా ఆ "అంతేనా" అన్న మాటలోనే వుంది. చూడవలసినవి తక్కువ కాబట్టే ఇక్కడ ఊరికే కూర్చోవచ్చు. అయితే ఊరికే కూర్చోవడం అనుకున్నంత తేలిక కాదు. అతిథి ఒక్కడు సిద్ధపడితే చాలదు. ఆతిథ్యం ఇచ్చేవారూ అందుకు తోడ్పడాలి.

మల్లమ్మ కొండ.. దొర బంగళా

సముద్రమట్టానికి సుమారు 4 వేల అడుగుల ఎత్తున వున్న ఈ కొండకు అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కొండ మీద వుండే మల్లమ్మకు ఏనుగులే ఆహారం తెచ్చి పెట్టేవని ఈ ప్రాంతంలో చెప్పుకునే కథ. బ్రిటిష్ వారి హయాంలో కడప కలెక్టరుగా పనిచేసిన హార్సిలీ దొర, ఎండలకు తాళలేక ఈ కొండపై బంగళా కట్టించుకున్నాడు. అప్పటి నుంచి దొర పేరే కొండకు స్థిరపడింది. అటవీశాఖ బంగళా ముందున్న నీలగిరి చెట్టును 1859లో నాటారు. 1995లో దానికి మహావృక్ష పురస్కారం లభించింది.

చల్లని గాలి కోసం వచ్చిన దొరకు ఫంకా లాగేవారు, నీళ్లు మోసేవారు, వంటవారు వుండేవారు. ఒకరి తీరిక వెనుక పదిమంది శ్రమ వుండటం ఆనాడు ఎంత నిజమో, ఈనాడూ అంతే నిజం. తేడా ఒక్కటే. ఆనాడు ఆ భాగ్యం దొరలకే. ఈనాడు బెంగళూరులో గుమాస్తా పని చేసుకునే సంసారి, తిరుపతిలో దుకాణం నడిపే చిన్న వ్యాపారి, ఉద్యోగ విరమణ చేసిన మాస్టారు కూడా రెండు రోజులు గది తీసుకోగలుగుతున్నారు. వీరికి సెలవులు తక్కువ, డబ్బు లెక్క ఎక్కువ. కనుక వీరి రెండు రోజులు వృథా పోకూడదు.

విశ్రాంతి ఈ సీమకు కొత్త కాదు

మదనపల్లె ప్రాంతానికి అలసినవారిని సేదతీర్చడం కొత్త కాదు. దక్షిణాది పర్యటనలో డస్సిపోయిన రవీంద్రనాథ్ టాగూరు 1919 ఫిబ్రవరిలో ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆతిథ్యంలో కొద్దిరోజులు విశ్రమించారు. ఆ తీరికలోనే 'జనగణమన' గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. కజిన్స్ సతీమణి మార్గరెట్ ఆ పాట బాణీకి స్వరాలు రాసిపెట్టారు. అతిథిని ఊపిరి తీసుకోనిచ్చిన ఆతిథ్యానికి దక్కిన ఫలం అది.

పట్టణానికి దగ్గరలోని ఆరోగ్యవరం శానటోరియం సంగతీ తెలిసిందే. క్షయకు సరైన మందులు లేని రోజులలో మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి.. ఇవే చికిత్స. అందుకే శానటోరియంలలో విశ్రాంతికి వేళలు నిర్ణయించి, ఆ వేళల్లో నిశ్శబ్దం పాటించేవారు. తర్వాత మందులు వచ్చాయి, ఆ చికిత్స మారింది. కాని ఒకరి విశ్రాంతిని మరొకరు కాపాడటం కూడా ఒక పనేనన్న పాఠం మాత్రం మిగిలింది. కొండపై విడుదులకు ఆ పాఠం బాగా వర్తిస్తుంది.

బెంగ తీరితేనే తీరిక

గదిలోకి వచ్చిన మనిషి వెంటనే విశ్రమించలేడు. మంచం మీద వాలినా మనసు వాలదు. రేపు దిగువకు బస్సు ఎన్ని గంటలకు? వేడినీళ్లు ఎప్పటిదాకా వస్తాయి? కిటికీ తెరిస్తే కోతులు వస్తాయా? రాత్రి ఆలస్యమైతే భోజనం వుంటుందా? బిల్లులో ఇంకేమైనా కలుస్తాయా? ఈ చిన్న చిన్న బెంగలే అతిథిని కుదురుగా కూర్చోనివ్వవు.

అనుభవమున్న గుమాస్తా వీటికి అడగకముందే జవాబు చెబుతాడు. బస్సు వేళలు కాగితం మీద రాసి ఇస్తాడు. వేడినీళ్ల వేళ చెబుతాడు. తినుబండారాలు వరండాలో వదలవద్దని, కిటికీ గడియ వేసుకోవాలని హెచ్చరిస్తాడు. భోజనంలో ఏమి కావాలో ముందుగానే అడిగి వుంచుకుంటాడు. రాగిసంగటి, నాటుకోడి కూర కావాలన్నవారికి అప్పటికప్పుడు అంటే కుదరదు గదా! ఇడ్లీలోకి చెనిక్కాయల ఊరిబిండి చాలునన్న వారితో ఏ చిక్కూ లేదు. ఇదంతా అయిదు నిమిషాల మాట. ఆ అయిదు నిమిషాలతో అతిథికి రెండు రోజుల నిశ్చింత.

తలుపు తట్టని సేవ

సేవ అంటే పదేపదే పలకరించడమని చాలామంది అనుకుంటారు. గది తుడవాలా సార్, టీ తేవాలా సార్, కారు పిలవాలా సార్ అంటూ గంటకోసారి తలుపు తడితే కునుకు పట్టేదెప్పుడు? ఎప్పుడు తట్టాలో తెలియడం ఒక ఎత్తు. ఎప్పుడు తట్టకూడదో తెలియడం మరొక ఎత్తు.

తెలిసిన రూంబాయ్ తెరవేసిన కిటికీని చూసి వెనక్కి తిరుగుతాడు. పొద్దున్నే టీ ఫ్లాస్కులో పోసి ఇచ్చి వెళితే మళ్లీ పిలుపు వచ్చేదాకా రానక్కరలేదు. వృద్ధ దంపతులు దిగితే మెట్లు లేని గది చూపిస్తాడు. "పెద్దాయనా, చలేస్తుంది, ఇంకో దుప్పటి పెట్టుకోండి" అని సాయంత్రమే ఇచ్చిపోతాడు. పిల్లలున్న కుటుంబాన్ని చివరి గదుల వైపు సర్దితే వారి ఆటకూ అడ్డు వుండదు, పక్కవారి నిద్రకూ భంగం వుండదు.

ఇక అన్నిటికంటే చౌకైన సౌకర్యం కుర్చీ. లోయ కనబడేలా వరండాలో రెండు వాలుకుర్చీలు వేస్తే చాలు, మనిషి తనంతట తానే వచ్చి కూర్చుంటాడు. గదిలో టీవీ ఎంత పెద్దదైనా ఈ పని చేయలేదు. సెల్‌ఫోన్ పట్టుకుని ఫొటోలకు పరుగులు తీసేవారు కూడా గాలిబండ మీది గాలికి కాసేపు ఫోను జేబులో పెట్టుకుంటారు.

పనివారి మాటేమిటి?

ఇక్కడ మరవరాని సంగతి మరొకటి వుంది. అతిథులకు శని, ఆదివారాలు సెలవులు. పనివారికి అవే ఊపిరి సలపని రోజులు. తెల్లవారుజామున టీ కాచిన మనిషే రాత్రి చివరి పళ్లెం కడిగి పడుకోవలసి వస్తే, మర్నాడు అతని ముఖంలో నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? నిద్రలేని మనిషి ఇతరుల నిద్రను కాపాడలేడు. రద్దీ రోజులలో వంతుల ప్రకారం పని, వారం మధ్యలో ఒక రోజు సెలవు ఇవ్వడం దయాధర్మం కాదు, విడిది నడపడానికి అవసరం. మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల వరకు నిశ్శబ్ద వేళగా పాటిస్తే అతిథికీ కునుకు, పనివారికీ కాస్త నడుము వాల్చే వ్యవధి దొరుకుతుంది.

చేయవలసినవి

రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు లౌడ్‌స్పీకర్లు మోగించరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. గది ఇచ్చేటప్పుడే ఈ మాట మర్యాదగా చెప్పడం మంచిది, గొడవ మొదలయ్యాక చెబితే వినేవారుండరు. నీలగిరి చెట్ల కింద సీసాలు, ప్లాస్టిక్ సంచులు పారవేయకుండా తొట్లు వుంచాలి. నడకదారిలో అక్కడక్కడ బల్లలు వేయాలి. రిసెప్షన్‌లో నాలుగు పాత పుస్తకాలు, ఒక చదరంగం బల్ల పెట్టినా ఖర్చు కొద్దే. ఇవేవీ లక్షలతో పనిలేని ఏర్పాట్లు.

అతిథులు కూడా ఒక పూట ఎక్కువ వుండేలా వస్తే మంచిది. వీలైనవారు రద్దీ లేని రోజులు చూసుకుంటే గదీ తేలికగా దొరుకుతుంది, కొండా ప్రశాంతంగా వుంటుంది.

పొద్దు వాలేవేళ కింద పల్లెల్లో దీపాలు ఒక్కటొక్కటిగా వెలుగుతాయి. వరండాలో కూర్చున్నవారి మాటలు తగ్గిపోతాయి. పొద్దున "అంతేనా?" అన్నవారే అప్పుడు గుమాస్తా దగ్గరకు వచ్చి మెల్లగా అడుగుతారు.

"గది ఇంకో రోజుకు దొరుకుతుందా సార్?"