గులకరాళ్ల గడప, ముళ్ల చిట్టెలుక

దక్కన్ పీఠభూమిలోని గరప నేలల్లో, రాళ్ల గుట్టల వాలుల్లో, తుప్పలు మొలిచిన బీళ్లలో కలుగులు తవ్వుకొని బతికే ముళ్ల చిట్టెలుక భారత ద్వీపకల్పానికే పరిమితమైన జీవి. దీని శాస్త్రీయ నామం మస్ ప్లాటిథ్రిక్స్. దక్కనులో ప్రకృతి పరిశీలకుడు సైక్స్ సేకరించిన నమూనాను బట్టి 1832లో జంతుశాస్త్రవేత్త బెన్నెట్ పెట్టిన ఈ పేరులోని రెండో మాటకు గ్రీకులో ‘చదునైన వెంట్రుక’ అని అర్థం. వీపు మీది వెంట్రుకల్లో చాలావరకు చదునై, గట్టిపడి, సన్నని ముళ్లలా వెనక్కి వాలి ఉంటాయి. కాబట్టి తోక వైపు నిమిరితే తెలియని గరుకుదనం తల వైపు నిమిరితే తెలుస్తుంది.

పగలంతా కలుగులో దాగి రాత్రివేళ మేతకు తిరిగే ఈ ఎలుక అలవాట్లను 1839లో వాల్టర్ ఇలియట్ ధార్వాడ ప్రాంతపు క్షీరదాల పట్టికలో నమోదు చేశాడు. కలుగు నోటిని ఇది చిన్న చిన్న గులకరాళ్లతో పూడ్చుకుంటుందని, లోపల పడుకునే చోట కూడా అవే రాళ్లను పరుచుకుంటుందని ఆయన గమనించాడు. 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించిన ఇలియట్ ఈయనే.

వర్గీకరణలో మాత్రం ముళ్లే చిక్కు తెచ్చాయి. దగ్గరి పోలికలున్న జాతులను కలిపిన సమూహాన్ని ప్రజాతి అంటారు. పొలాల్లో తిరిగే మరో చిట్టెలుక కోసం 1837లో జంతుశాస్త్రవేత్త గ్రే ‘లెగ్గడ’ అనే ప్రజాతిని ఏర్పరచగా, ముళ్లను బట్టి ముళ్ల చిట్టెలుకనూ అందులోనే చేర్చి 1867లో మరో జంతుశాస్త్రవేత్త జెర్డన్ వర్ణించాడు. ఇప్పుడా పొలం చిట్టెలుక ఇంటి చిట్టెలుక సరసన మస్ ఉపప్రజాతిలోనూ, ముళ్లది అదే ప్రజాతిలోని పైరోమిస్ అనే వేరే ఉపప్రజాతిలోనూ ఉన్నాయి. వంశవాహకాలను మోసే పోగులైన క్రోమోజోములు ఇంటి చిట్టెలుక కణంలో 40 ఉంటే, దీనిలో 26 మాత్రమే ఉండడం ఆ దూరానికి ఒక గుర్తు. ఆఫ్రికా, పశ్చిమాసియాలలోని అకోమిస్ ఎలుకలకూ ముళ్లున్నాయి గాని, వంశరీత్యా అవి చిట్టెలుకలకన్నా జెర్బిల్ ఎలుకలకే దగ్గర. ముళ్లు వేర్వేరు శాఖల్లో విడివిడిగా పుట్టగలవు కనుక, వాటిని బట్టి మాత్రమే చుట్టరికం తేల్చడానికి వీల్లేదు.