మెడలో బిళ్ళలు తీసే ఆపరేషను



కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. ఇది మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన సంగతే. ఆ బిళ్ళలే లింఫ్ గ్రంథులు. ఒంట్లో ఊరే లింఫ్ అనే ద్రవాన్ని ఇవి దారిలో ఆపి వడపోస్తాయి. మెడలో ఇవి చాలా ఉంటాయి. నోట్లోనో, గొంతులోనో, థైరాయిడ్‌లోనో కేన్సరు పుడితే, అక్కణ్ణించి బయల్దేరిన కణాలు సాధారణంగా ముందు చిక్కుకునేది ఈ బిళ్ళల్లోనే.

మా బంధువుల్లో ఒక పెద్దాయనకి నాలుక పక్కన చిన్న కేన్సరు పుండు తేలింది. పుండుతోపాటు మెడలో బిళ్ళలు కూడా తీస్తామన్నారు డాక్టర్లు. ఇంక ఇక్కడికి ఫోన్ల మీద ఫోన్లు. "మెడలో ఏమీ తగలడం లేదని వాళ్ళే అన్నారు కదా! మంచి మెడని కొయ్యడం ఎందుకు?" అని. నేను కంప్యూటర్ల మనిషిని, డాక్టర్ని కాను. కానీ చాలా న్యాయమైన ప్రశ్న కనక, చదివి తెలుసుకున్నది మీకూ చెబుతున్నాను.

చేతికి తగలనంత మాత్రాన బిళ్ళలో ఏమీ లేదని కాదు. కొద్దిపాటి కణాలు స్కానుకి కూడా దొరకవు. మరి ముందే తియ్యాలా, బిళ్ళ కనిపించాక తీస్తే చాలదా? దీనికి జవాబు మన దేశంలోనే దొరికింది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం నోటి కేన్సరు తొలిదశలో ఉన్న 500 మంది ఫలితాలని 2015లో ప్రచురించింది. కొందరికి పుండుతోపాటే మెడ ఆపరేషను చేశారు. మిగతావాళ్ళకి బిళ్ళ బయటపడ్డాకే చేశారు. మూడేళ్ళకి బతికున్నవాళ్ళు మొదటి జట్టులో నూటికి 80, రెండో జట్టులో 67.5. కత్తి తగిలితే కేన్సరు పాకుతుందని మనవాళ్ళ భయం. నిజానికి అది కత్తి లేకుండానే పాకుతుంది, ఆలస్యమే దానికి దారి ఇస్తుంది.

ఆపరేషను కూడా మునుపటిలా లేదు. 1906లో అమెరికాలో జార్జ్ క్రైల్ వివరించిన పద్ధతిలో బిళ్ళలతోపాటు మెడ పక్కనుండే పెద్ద కండరం, పెద్ద సిర, భుజాన్ని ఎత్తే నరం కూడా తీసేసేవారు. ఆ తర్వాత భుజం వాలిపోయేది. ఇప్పుడు తొలిదశలో అయితే ఆ మూడింటినీ మామూలుగా ఉంచేస్తారు, కేన్సరు చేరే అవకాశం ఎక్కువున్న చోట బిళ్ళలే తీస్తారు. వాటిని పరీక్షకి పంపి, రేడియేషను కావాలో వద్దో తేలుస్తారు.

ఆపరేషను తర్వాత నీరు పోవడానికి గొట్టం కొన్నాళ్ళు ఉంచుతారు. చెవి తమ్మె దగ్గర, మెడ మీద తిమ్మిరి ఉండొచ్చు. నరాన్ని ఉంచినా భుజం కొంతకాలం బిగుసుకోవచ్చు, కాబట్టి వ్యాయామం మానకూడదు.

మనం దూరాన ఉన్నా ఫోన్లో అడగాల్సినవి ఉన్నాయి. మెడలో ఎంతవరకు తీస్తారు? భుజం నరం ఉంచగలరా? బిళ్ళల రిపోర్టు ఎప్పుడొస్తుంది? భుజం వ్యాయామం ఎవరు నేర్పుతారు?

ఇంకొక్క మాట. మెడలో బిళ్ళ రెండు మూడు వారాలైనా తగ్గకపోతే చూపించుకోవాలి. అది క్షయవల్ల వచ్చే గండమాల కూడా కావచ్చు. సూది పరీక్ష చేస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఇంటికి ఫోను చేసినప్పుడు చుట్ట, గుట్కా అలవాటున్న పెద్దవాళ్ళని నోట్లో మానని పుండు ఏమైనా ఉందా అని కూడా అడగండి.

సెలవు.