అమెరికా నర్సు కొలువు: ఆశ ఎంత? అసలు ఎంత?

కరీంనగర్: దుబాయి, మస్కట్ బాట పట్టడం ఈ జిల్లా పల్లెలకు కొత్త కాదు. కొడుకును గల్ఫ్‌కు పంపడానికి పొలం కుదువబెట్టిన ఇళ్లు ఎన్నో. ఇప్పుడు నర్సింగ్ చదివిన ఆడపిల్లల వంతు వచ్చింది. జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసిన అమ్మాయిలున్న ఇళ్లకు చేరుతున్న కొత్త మాట ‘ట్రావెల్ నర్సు’. అమెరికాలో ఆ కొలువుకు వారానికి వేల డాలర్లు వస్తాయన్నది ఆ మాట వెంట వచ్చే ఆశ. ఇందులో నిజమెంత, మన పిల్లలకు అందేదెంత అన్నది అప్పు పత్రం మీద సంతకం పెట్టకముందే తేల్చుకోవలసిన సంగతి.

పదమూడు వారాల కొలువు

ట్రావెల్ నర్సు అంటే ఒకే ఆసుపత్రిలో స్థిరంగా ఉండే నర్సు కాదు. నర్సుల కొరత ఉన్న ఆసుపత్రి ఒక ఏజెన్సీని అడుగుతుంది. ఆ ఏజెన్సీ నర్సును పంపుతుంది. ఒప్పందం సాధారణంగా 13 వారాలు. గడువు తీరాక పొడిగించుకోవచ్చు, లేదా మరో ఊరికో మరో రాష్ట్రానికో వెళ్లవచ్చు. మన దగ్గర వరి కోతలప్పుడు పనివాళ్లు ఊరూరూ తిరిగినట్లు అక్కడ నర్సులు తిరుగుతారన్న మాట.

జీతం రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి గంటల లెక్కన కూలి. దీనిపై పన్ను పడుతుంది. రెండోది ఇంటి అద్దెకు, భోజనానికి ఇచ్చే భత్యం. నర్సుకు మరోచోట ఖర్చులు భరిస్తూ నిలుపుకున్న సొంత నివాసం ఉంటేనే ఈ భత్యంపై పన్ను ఉండదు. ఈ రెండూ కలిపి చెప్పడం వల్లనే వారం జీతం అంత పెద్దగా కనిపిస్తుంది.

కోవిడ్ నాటి లెక్క వేరు

2020 నుంచి 2022 దాకా కోవిడ్ కాలంలో ఈ జీతాలు ఆకాశానికంటాయి. ఐసీయూ నర్సులకు వారానికి 5,000 డాలర్లు, కొన్ని అత్యవసర పోస్టులకు 10,000 డాలర్లు కూడా ఇచ్చారు. ఇప్పటికీ చాలామంది నోట నానుతున్నది ఆనాటి లెక్కే. 2022లో రోగులు తగ్గగానే ఆసుపత్రులు రేట్లు కోసేశాయి. ఒప్పందం మధ్యలోనే జీతం తగ్గించారని కొందరు నర్సులు ఏజెన్సీలపై కోర్టుకెక్కారు. తర్వాతి కాలంలో వారం జీతం సగటున 2,000 డాలర్ల పైచిలుకు వద్ద నిలిచింది.

దీన్ని స్థిర ఉద్యోగంతో పోల్చి చూడాలి. అమెరికా కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2024 మే నాటికి రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు. అంటే వారానికి 1,800. ట్రావెల్ నర్సుకు ఒప్పందానికీ ఒప్పందానికీ మధ్య ఖాళీ రోజుల్లో రాబడి ఉండదు. జీతంతో కూడిన సెలవులు దాదాపు లేనట్లే. ఆసుపత్రి వద్దనుకుంటే ఒప్పందం మధ్యలోనే రద్దవుతుంది. ఇవన్నీ తీసివేస్తే తేడా అనుకున్నంత పెద్దది కాదు.

కొలువులకు మాత్రం కరువు లేదు. 2024 నుంచి 2034 వరకు ఏటా సగటున సుమారు 1,89,000 నర్సు పోస్టులు ఖాళీ అవుతాయని అదే శాఖ అంచనా. వీటిలో ఎక్కువ భాగం పదవీ విరమణ చేసేవారి, వృత్తి మానేసేవారి స్థానంలో వచ్చేవే.

నేరుగా వెళ్లే దారి లేదు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ట్రావెల్ నర్సుగా తీసుకోవాలంటే అక్కడి ఆసుపత్రిలో ఒకటి రెండేళ్ల అనుభవం అడుగుతారు. అంతకుముందు ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష నెగ్గాలి. దీని కేంద్రం హైదరాబాద్‌లోనూ ఉంది. పరీక్ష రుసుము 200 డాలర్లు. అర్హత పత్రాల పరిశీలన, ఇంగ్లీషు పరీక్ష, వీసా ధ్రువపత్రం ఖర్చులు వేరు.

వీటన్నిటినీ మించింది వీసా. సాధారణ నర్సులు ఎక్కువగా వెళ్లేది ఈబీ-3 అనే గ్రీన్‌కార్డు తరగతిలో. అందులో భారతీయుల వంతు 2025లో 2013 నాటి దరఖాస్తుల దగ్గర నడిచింది. నేడు దరఖాస్తు పెట్టిన అమ్మాయి వంతు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు. కనుక ‘ఆరు నెలల్లో అమెరికాలో ట్రావెల్ నర్సు’ అని ఎవరైనా డబ్బు అడిగితే ఆ మాట నమ్మదగినది కాదు.

మిగిలిన దారులు

జర్మనీ దారి కొంత దగ్గర. కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్ పథకంలో మొదట నెలకు కనీసం 2,300 యూరోలు, అక్కడి అర్హత గుర్తింపు వచ్చాక 2,800 యూరోలు ప్రకటించారు. జర్మన్ భాష మాత్రం కష్టపడి నేర్వాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జర్మనీకి నర్సులను పంపుతోంది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఇంగ్లండ్‌లో, 2025-26లో ప్రారంభ జీతం ఏడాదికి 31,049 పౌండ్లు. అయితే బయటి దేశాల నర్సులకు అక్కడ అవకాశాలు 2024 నుంచి తగ్గుముఖం పట్టాయి.

గల్ఫ్ విషయంలో 2015 ఏప్రిల్ 30 నుంచి నిబంధన మారింది. గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు వెళ్లే నర్సులకు, పాస్‌పోర్టు ఏ రకమైనదైనా, ప్రభుత్వ వలస అనుమతి తప్పనిసరి చేశారు. దీనికి కారణం లేకపోలేదు. కువైట్ నర్సు పోస్టులకు 19,500 రూపాయలు తీసుకోవలసిన కొచ్చిలోని ఒక ఏజెన్సీ, ఒక్కొక్కరి వద్ద 19.5 లక్షలు వసూలు చేసిందన్న అభియోగంపై అదే ఏడాది సీబీఐ కేసు పెట్టింది. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు పైన అడిగే ప్రతి రూపాయీ అక్రమమే. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూసుకోవచ్చు. రసీదు లేకుండా డబ్బు, పాస్‌పోర్టు ఇవ్వరాదు. విజిట్ వీసా మీద నర్సు ఉద్యోగం ఇప్పిస్తామంటే అది మోసమని ఎంచాలి.

ఇంటి దగ్గర జీతం సంగతి

ఇంత దూరం ఆలోచించడానికి మూలం ఇక్కడి జీతాలే. సుప్రీంకోర్టు 2016 ఆదేశాలపై ఏర్పడిన నిపుణుల సంఘం, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసింది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలన్నది. చిన్న నర్సింగ్ హోముల్లో ఈ సిఫారసు కాగితానికే పరిమితమైందన్న విమర్శ నేటికీ వినవస్తోంది.

చదివించిన తండ్రికి పిల్ల సంపాదన మీద ఆశ ఉండటం తప్పు కాదు. ఆ ఆశకు ఎకరం పొలం తాకట్టు పడకూడదు. నర్సింగ్ కళాశాలల్లోనే చివరి ఏడాది విద్యార్థినులకు ఈ వివరాలు చెప్పించవలసిన అవసరం, ఇక్కడి ఆసుపత్రుల్లో సిఫారసు చేసిన జీతం ఇప్పించవలసిన అవసరం ఎంతైనా ఉంది.