పానా పిడి పొడుగెందుకు?

హైదరాబాద్ దగ్గరి రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లా పార్కులో రోలర్ కోస్టర్ ఎక్కి కేకలు పెట్టారా? అలాంటి ఇనుప పట్టాల ముక్కల్ని కలిపి పట్టుకునేవి బోల్టులు, నట్లే. వాటిని బిగించేదాన్ని మన మెకానిక్ షెడ్లలో పానా అంటారు. బ్రిటన్‌లో దాన్నే స్పానర్ అంటారు, అమెరికాలో రెంచ్ అంటారు. జర్మన్ నుంచి వచ్చిన స్పానర్ మొదట్లో నట్లు బిగించేది కాదు, పాతకాలపు తుపాకీలో స్ప్రింగు చుట్టే తాళంచెవి! రెంచ్‌కేమో మెలితిప్పడం అనే అర్థమూ ఉంది. కాలు బెణికినా ఇంగ్లిషులో ఆ మాట వాడతారు.

సరే, వేళ్లకు లొంగని నట్టు పానాకెలా లొంగుతుంది? ఇంట్లో తలుపును బందుల పక్కనే తోసి చూడండి, మొరాయిస్తుంది. గడియ దగ్గర తోస్తే ఒక్క వేలు చాలు. తిరిగే చోటికి ఎంత దూరంగా తోస్తే, మన బలం అంత బాగా పనిచేస్తుంది. పిడి పొడవు రెట్టింపైతే సగం బలమే సరిపోతుంది. లారీ టైర్లు విప్పేవాళ్లు పానాకు ఇనుప గొట్టం తొడిగేది అందుకే. మీరు మాత్రం ఆ పని చేయకండి, జారిందంటే మూతి పగులుతుంది!

మరీ బిగించినా చిక్కే, బోల్టు సాగి తెగుతుంది. అందుకని శంషాబాద్‌లో చేసేలాంటి విమానాల మరమ్మతుల్లో టార్క్ రెంచ్ వాడతారు. ఎంత బిగువు కావాలో దానిమీద ముందే పెట్టుకుంటారు. అంతకు చేరగానే టక్‌మంటుంది, చెయ్యి ఆపేయాలి.