వారం రోజుల విజేత!

2009 ఫిబ్రవరి 23, సోమవారం. సినీ ప్రియులకి ఆ తేదీ గుర్తు చెయ్యక్కర్లేదు. తెల్లారి టీవీ పెడితే ఎ.ఆర్. రెహమాన్ చేతుల్లో రెండు ఆస్కార్లు! 'స్లమ్‌డాగ్ మిలియనీర్'కి మొత్తం ఎనిమిది! మురికివాడ కుర్రాడు టీవీ క్విజ్‌లో వరసగా జవాబులు చెప్పేస్తే, వీడికెలా తెలుస్తాయి, ఏదో మోసం చేసుంటాడని పోలీసులు పట్టుకుపోయి చితకబాదే కథ అది.

సరిగ్గా అదే తేదీ రాత్రి, ఆ చిత్ర దర్శకుడు డానీ బాయిల్ సొంత దేశంలో బుల్లితెర మీద ఇంకో క్విజ్ జరిగింది. అందులో గెలిచిన అమ్మాయిని ఎవరూ అనుమానించలేదు. ఆక్స్‌ఫర్డ్ అమ్మాయి కదా! కాని సరిగ్గా వారం తిరిగేసరికి ఆమె టీము దగ్గర్నుంచి కప్పు వెనక్కి తీసుకున్నారు. ఆమె చెప్పిన జవాబుల్లో తప్పున్నందుకు కాదు సుమండీ! ఆ కథే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఆ క్విజ్ పేరు 'యూనివర్సిటీ ఛాలెంజ్'. అమెరికాలో 'కాలేజ్ బౌల్' అనే కార్యక్రమం చూసి 1962లో గ్రనాడా టెలివిజన్ వాళ్ళు మాంచెస్టర్‌లో మొదలుపెట్టారు. పాతికేళ్ళు బాంబర్ గాస్కోయిన్ అనే పెద్దమనిషి మర్యాదగా ప్రశ్నలడిగాడు. 1987లో ఆగిపోయి, 1994లో బీబీసీ రెండో ఛానెల్లో మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఈసారి జెరెమీ పాక్స్‌మన్. ఈయన రాజకీయ నాయకుల్ని ఇంటర్వ్యూల్లో చెమటలు పట్టించిన ఘటికుడు, ఇక కాలేజీ పిల్లలొక లెక్కా! 2023 నుంచి ఆ కుర్చీలో కలకత్తాలో పుట్టిన అమోల్ రాజన్ కూర్చుంటున్నారు.

ఆట పద్ధతి చాలా తేలిక. టీముకి నలుగురు. మొదటి ప్రశ్నకి బజర్ ఎవరు ముందు నొక్కితే వాళ్ళే చెప్పాలి, పక్కవాడితో గుసగుసలు పనికిరావు. ఒప్పయితే పది మార్కులు, ఆ టీముకే మూడు బోనస్ ప్రశ్నలు, ఒక్కోటి అయిదు. తొందరపడి ప్రశ్న మధ్యలో నొక్కి తప్పు చెప్పారో, అయిదు మార్కులు కోత! అంటే తెలివితోబాటు తెగింపు కూడా కావాలన్నమాట. టీవీలో ఒక టీము పైన, ఇంకో టీము కింద కూర్చున్నట్టు కనిపిస్తుంది. అదంతా కెమెరా కనికట్టు. స్టూడియోలో ఇద్దరూ పక్కపక్కనే. 1984లో 'ద యంగ్ వన్స్' అనే హాస్య ధారావాహికలో నిజంగానే ఒక టీము నెత్తిన ఇంకో టీముని కూర్చోబెట్టి వెక్కిరించారు. అందులో ఉన్నదెవరనుకున్నారు? తర్వాత రోజుల్లో ఆస్కార్ అందుకున్న ఎమ్మా థాంప్సన్, ఆ పక్కన స్టీఫెన్ ఫ్రై! ఈ ఫ్రైగారు అంతకుముందు 1980లో కేంబ్రిడ్జి తరఫున అసలు క్విజ్‌లోనూ కూర్చున్నవారే.

సరే, మన కథలోకి వద్దాం. 2008 జూలైలో ఆ సీజన్ ప్రసారం మొదలైంది. ఇరవై ఎనిమిది టీములు. వాటిలో ఆక్స్‌ఫర్డ్‌లోని కార్పస్ క్రిస్టీ కాలేజీ ఒకటి. 1517లో పెట్టిన పాత కాలేజీ, చాలా చిన్నది. దాని కెప్టెన్ గెయిల్ ట్రింబుల్. లాటిన్ సాహిత్యంలో డాక్టరేట్ చేస్తున్న అమ్మాయి. రెండు వేల ఏళ్ళనాటి రోమన్ కవి కెటల్లస్ ఆమె పరిశోధనాంశం. అలాంటి అమ్మాయికి పాత పుస్తకాలు తప్ప ఇంకేం తెలుస్తాయిలే అనుకుంటే పొరబాటే. సంగీతం, చరిత్ర, సైన్సు ఏదడిగినా బజర్ మోగేది. టీము సాధించిన మార్కుల్లో రమారమి మూడింట రెండొంతులు ఆమె ఒక్కతే తెచ్చిందని పత్రికలు లెక్కగట్టాయి. క్వార్టర్ ఫైనల్లో ఎక్సెటర్ యూనివర్సిటీ మీద వీళ్ళ స్కోరు 350. ఎక్సెటర్ పాపం 15! వందల్లో కాదు, ఉత్త పదిహేనే.

ఇక్కడే అసలు గొడవ మొదలైంది. 'మనిషి రూపంలో గూగుల్' అని ఒక పక్క పొగుడుతూనే, ఇంకో పక్క 'ఎంత మిడిసిపాటో చూడండి' అనడం మొదలుపెట్టారు. జవాబు చెప్పి నవ్వితే పొగరు. నవ్వకపోతే గర్వం. బోనస్ ప్రశ్నకి పక్కవాడు చెప్పినదాన్ని సరిదిద్దితే అహంకారం. అదే పని మగపిల్లవాడు చేస్తే 'భలే కెప్టెన్' అనేవారు. అంతటితో ఊరుకున్నారా? బొమ్మలమ్ముకునే కుర్రకారు పత్రిక ఒకటి ఆమెతో ఫొటోలు తీయించుకోవాలని ఆమె సోదరుణ్ణి సంప్రదించింది. సొంత తోబుట్టువు వివరాలు ఇలాంటి పత్రికకి ఎవడైనా ఇస్తాడా అన్న ధోరణిలో అతగాడు చురక పెట్టి పంపాడు. శభాష్ అనిపించింది.

శభాష్ అనడానికి నాకు అర్హత ఉందా అన్నది వేరే సంగతి. అదే 2009లో నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. జిల్లాలోని కాలేజీల మధ్య క్విజ్ పెట్టి లోకల్ కేబుల్ వాళ్ళు రికార్డు చేశారు. టీముకి ముగ్గురం. మా క్లాసమ్మాయి మధ్యలో, అటూ ఇటూ మేమిద్దరం... దేవుడి పక్కన ద్వారపాలకుల్లాగ! అన్నీ ఆమే చెప్పింది. రెండో బహుమతి వచ్చింది. బయటికొచ్చి టీ తాగుతుంటే వెనక బెంచీ మిత్రుడొకడు 'జవాబు చెప్పి ఆ నవ్వేంట్రా బాబూ, ఎంత పొగరో!' అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె అప్పుడే మెట్లు దిగుతోంది. వినే ఉంటుంది. ఆ తర్వాత మా కాలేజీ తరఫున ఆమె ఇంకే క్విజ్‌కీ రాలేదు. ఎందుకని మాలో ఒక్కడూ అడగలేదు.

ఇక ఫైనల్. ప్రత్యర్థి మాంచెస్టర్ యూనివర్సిటీ. కార్పస్ మొత్తం కలిపితే నాలుగు వందల మంది ఉంటారో ఉండరో, మాంచెస్టర్ విద్యార్థులు ముప్పై వేల పైమాట. మాంచెస్టర్ టీముకి అక్కడి యూనివర్సిటీ లైబ్రరీ ఉద్యోగి ఒకాయన ఏళ్ళ తరబడి తర్ఫీదు ఇస్తూ వచ్చారు. ఆ రాత్రి మొదట్లో వాళ్ళదే పైచేయి. కార్పస్ పని అయిపోయిందనుకున్నారు. చివరి నిమిషాల్లో ట్రింబుల్ లేచింది చూడండీ... బజర్ మీద బజర్! 275–190. ఇప్పటికీ యూట్యూబులో చూడొచ్చు, ఒళ్ళు జలదరిస్తుంది.

మర్నాడంతా పొగడ్తలు. ఆ తర్వాత మెల్లిగా ఒక వార్త పొక్కింది. కార్పస్ టీములో రసాయనశాస్త్రం చదివిన కుర్రాడొకడు 2008 వేసవిలోనే చదువు ముగించి, అకౌంటింగ్ సంస్థలో ఉద్యోగానికి చేరిపోయాడట! మొదటి రౌండ్లు రికార్డు చేసేటప్పటికి అతను విద్యార్థే. పరిశోధనకి ఉండిపోదామనుకున్నాడు, డబ్బు సాయం దొరకలేదు. చివరి రౌండ్ల రికార్డింగు నాటికి అతను ఉద్యోగి. నిబంధన ప్రకారం రికార్డింగు జరిగే ప్రతిసారీ విద్యార్థిగా ఉండాల్సిందే. మార్చి 2న బీబీసీ, గ్రనాడా కలిసి ప్రకటించాయి: కార్పస్ అనర్హులు, కప్పు మాంచెస్టర్‌ది. ఆ కుర్రాడు క్షమాపణ చెప్పుకున్నాడు.

నా మటుకు నాకు నిబంధన తప్పనిపించదు. ఉద్యోగస్తులు కూడా కూర్చోవచ్చంటే ఇక విద్యార్థుల పోటీ ఎందుకు? కాని ఒక సీజన్‌ని రెండు విద్యా సంవత్సరాల మీదుగా సాగదీసి రికార్డు చేస్తే, మధ్యలో వేసవి వస్తుందనీ, పిల్లలు పరీక్ష పాసై వెళ్ళిపోతారనీ ప్రోగ్రాం చేసేవాళ్ళకి తెలియదా? అన్నట్టు, ముందటేడు 2008లో గెలిచిన క్రైస్ట్ చర్చ్ టీములో ఒకడు కూడా సీజన్ మధ్యలో వేరే కాలేజీకి మారాడన్న సంగతి ఆ గొడవలోనే బయటపడింది. ఆ కప్పు మాత్రం రికార్డుల్లో వాళ్ళ పేరనే ఉంది. ఎవరి అదృష్టం వారిది!

కప్పు మాంచెస్టర్ చేతికి రావడంలో ఇంకో తమాషా ఉంది. 1975లో ఇదే మాంచెస్టర్ టీము ఇదే కార్యక్రమంలో తిరుగుబాటు చేసింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో ఒక్కో కాలేజీ ఒక్కో టీము పంపుతుంటే, మిగతా యూనివర్సిటీలన్నిటికీ ఒక్కటే టీమేమిటని వాళ్ళ అభ్యంతరం. ఏ ప్రశ్న అడిగినా 'కార్ల్ మార్క్స్', 'లెనిన్', 'ట్రాట్‌స్కీ', 'చే గువేరా' అంటూ జవాబులు! తర్వాత పేరున్న పాత్రికేయుడైన డేవిడ్ ఆరొనోవిచ్ ఆ టీములోవాడే. న్యాయమైన ప్రశ్నే, కాని ఆ పద్ధతి ఇప్పటికీ మారలేదు.

ఈ మొత్తం కథకి సినిమా వాళ్ళు ముందే రిహార్సల్ వేసేశారంటే నమ్ముతారా? 2006లో 'స్టార్టర్ ఫర్ టెన్' అనే చిత్రం వచ్చింది. డేవిడ్ నికోల్స్ నవల ఆధారం, నిర్మాతల్లో టామ్ హాంక్స్ ఒకరు. 1985లో బ్రిస్టల్ యూనివర్సిటీలో చేరిన పేదింటి కుర్రాడిగా జేమ్స్ మెకవాయ్. చిన్నప్పట్నుంచీ అతనికి ఒకటే కల, యూనివర్సిటీ ఛాలెంజ్‌లో కూర్చోవాలి. టీము కెప్టెన్‌గా బెనెడిక్ట్ కంబర్‌బాచ్. అప్పటికింకా 'షెర్లాక్' కాలేదు పాపం, ముక్కు మీద కోపం తప్ప ఇంకేమీ లేని పాత్ర. పతాక సన్నివేశంలో మెకవాయ్ ప్రశ్న పూర్తిగా అడగక ముందే జవాబు చెప్పేస్తాడు. కారణం, అంతకుముందు ఆ కార్డు అతని కంట పడింది. టీము మొత్తం అనర్హం! మూడేళ్ళ తర్వాత అదే శిక్ష నిజంగా పడింది. సినిమాలో తప్పు చేసినవాడే హీరో కాబట్టి మనం అతని వెంట బయటికి నడుస్తాం. నిజం కథలో హీరోయిన్ ఏ తప్పూ చెయ్యలేదు. ఆమె వెంట నడిచిందెవరు?

మన దేశంలోనూ బీబీసీ వరల్డ్ వాళ్ళు సిద్ధార్థ బసు సారథ్యంలో ఇదే క్విజ్ నడిపారు. 2004 ఫైనల్లో మన హైదరాబాద్ ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ టీము ముంబయి సర్దార్ పటేల్ ఇంజనీరింగ్ కాలేజీ చేతిలో ఓడింది. బసుగారు అంతకుముందే 'కౌన్ బనేగా కరోడ్‌పతి' నిర్మాణంతో ఇంటింటికీ క్విజ్ పిచ్చి ఎక్కించేశారు. దాని ముందు కాలేజీ క్విజ్‌ని ఎవరు పట్టించుకుంటారు! కోటి రూపాయలెక్కడ, అయిదు మార్కుల బోనసెక్కడ?

ట్రింబుల్ మళ్ళీ టీవీ వైపు పరుగెత్తలేదు. డాక్టరేట్ పూర్తి చేసి, ఆక్స్‌ఫర్డ్‌లోనే లాటిన్ పాఠాలు చెప్పుకుంటోంది.

ఈ వ్యాసం రాసే ముందు ఆ ఫైనల్ వీడియో మా పాత క్లాసమ్మాయికి పంపాను. ఇప్పుడామె ఇంకో ఊళ్ళో లెక్కల లెక్చరరు. కూడా రెండు ముక్కలు రాశాను: 'ఆ రోజు టీ కొట్టు దగ్గర నేనూ నవ్వాను. నవ్వకూడదు.'

రెండు రోజులు జవాబు లేదు. మూడోరోజు పొద్దున్నే వచ్చింది.

'చూశాను. ఆ అమ్మాయి బాగా చెప్పింది. నువ్వు మన ఫైనల్లో ఒకే ఒక్కసారి బజర్ నొక్కావు, గుర్తుందా? తప్పు చెప్పావు. అయిదు మార్కులు పోయాయి. మనం ఓడింది మూడు మార్కులతో.'