మాత్ర మింగని మనసు

కాసిపేట గనులలో మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, రాత్రి షిఫ్టు అంటూ మారుతూ పోయే బ్రతుకులో అన్నానికి ఒక వేళ ఉండదు, నిద్రకు ఒక వేళ ఉండదు. ఇక మాత్రకు వేళ ఎక్కడిది? రక్తపోటుకు మందు మొదలుపెట్టినవారు కొన్నాళ్ళకే "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా" అని ఆపివేయడం మేము తరచూ చూస్తున్నాము. రక్తపోటు చాలామందికి ఏ బాధా తెలియనివ్వదు. బాధ లేని జబ్బుకు రోజూ మందు మింగమంటే మనసు ఒప్పుకోదు. ఆ ఒప్పుకోకపోవడం ఎందుకో పరిశోధించే శాస్త్రమే ఆరోగ్య మనోవిజ్ఞానం.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి ప్రత్యేకంగా ఒక కేంద్రమున్నది. దాని స్థాపనకు పూనుకొని, బోధనలోనూ పరిశోధనలోనూ దానిని నడిపినవారు ఆచార్య మీనా హరిహరన్. 2015లో ఆమె సహచరులతో కలిసి, ఐ.సి.యు.లోని రోగికి అందే మానసిక, సామాజిక సంరక్షణను కొలిచే ఒక ప్రమాణాన్ని ప్రచురించారు. రోగి గౌరవమర్యాదలను కాపాడుతున్నారా, నిర్ణయాలను దాపరికం లేకుండా తెలుపుతున్నారా, జరుగుతున్నదేమిటో రోగికీ ఇంటివారికీ ఎప్పటికప్పుడు వివరిస్తున్నారా అన్నవి అందులో ముఖ్యాంశాలు. పరదా పాటించే స్త్రీ ఆసుపత్రి గౌనులో అపరిచితుల మధ్య పడుకున్నప్పుడు పడే వేదనను మన ఇళ్ళవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఆ వేదననూ వైద్యం లెక్కలోకి తేవడం చిన్న మేలు కాదు.

ఆ కేంద్రంలో ఇంటర్ తరువాత ఐదేళ్ళ ఎమ్మెస్సీ ఉన్నది. డాక్టరు సీటు రాలేదని కుమిలిపోయే మన బిడ్డలకు ఈ దారి తెలియదు, తెలిపేవారూ తక్కువే.

ఈ శాస్త్రం ఈ పేరుతో నిలదొక్కుకున్నది ఇటీవలనే. వ్యాధిని శరీరం, మనసు, సమాజం మూడింటి దృష్టితో చూడాలని అమెరికా వైద్యుడు జార్జ్ ఎంగెల్ 1977లో వాదించాడు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహ క్షేమాన్నీ ఆత్మ క్షేమాన్నీ ఒకే గ్రంథంలో రెండు భాగాలుగా చర్చించాడు. మద్రసాలలో ఆయనను భూగోళవేత్తగానే ఎక్కువగా తలచుకుంటాము. అంతమాత్రాన అన్నీ మన పెద్దలే చెప్పారని గొప్పలు పోనక్కరలేదు. నేటి వైద్యశాలలో కొలిచి తేల్చిన విషయాలు నేటి వారి శ్రమఫలమే.

సంపన్న దేశాలలో సైతం దీర్ఘవ్యాధులున్నవారిలో సగటున 50 శాతం మందే చెప్పినట్లు మందులు వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నివేదికలో తెలిపింది. తప్పంతా రోగిదే అనవద్దనీ, అతనికి ఆసరా కావాలనీ కూడా అన్నది. మన ఇళ్ళలో మాత్రం "నీకు బుద్ధి లేదు" అన్న మాటతోనే ఆసరా ముగుస్తుంది!

షిఫ్టు మారినా నమాజు మానరు కదా. వైద్యుడు సమ్మతిస్తే మాత్రను ఏదో ఒక నమాజుకు జతచేసి, ఆ వేళకు ఇల్లాలో బిడ్డో మంచినీళ్ళతో అందించవచ్చు. రమజాన్‌లో మాత్రల వేళలు సహరీకి, ఇఫ్తార్‌కు మారతాయి గనుక షాబాన్ నెలలోనే వైద్యుని సంప్రదించాలి. ఉపవాసమే వద్దని ఆయన అంటే, రోగికి ఖుర్ఆన్ ఇచ్చిన సడలింపు ఉండనే ఉన్నది.